తీర్పు ముందే వెలువడింది



తొలి క్రైస్తవ సంఘంలో ఒక పెద్ద తగవు భోజనం దగ్గర వచ్చింది. ఊరు అంతియొకయ, ఇప్పటి తుర్కియేలోని అంతాక్యా పట్టణం. అక్కడి సంఘంలో యూదులూ ఉన్నారు, అన్యజనులూ ఉన్నారు. అపొస్తలుడైన పేతురు ఆ ఊరు వచ్చి అందరితోనూ ఒకే పంక్తిలో కూర్చుని తిన్నాడు. కొన్నాళ్లకు యెరూషలేము సంఘ పెద్ద యాకోబు దగ్గర నుంచి కొందరు వచ్చారు. అన్యజనులతో తింటున్నందుకు వాళ్లేమంటారోనన్న జంకుతో పేతురు మెల్లగా తప్పుకున్నాడు. ఆయన్ని చూసి తక్కిన యూదులూ లేచిపోయారు. పౌలుతో కలిసి ఊరూరా సువార్త చెప్పిన బర్నబా కూడా ఆఖరికి వాళ్ల వెంటే నడిచాడు. పౌలు మాత్రం ఊరుకోలేదు. పేతురంతటివాణ్ని అందరి ఎదుటా నిలదీశాడు.

ఈ సంగతి గలతీయులకు పౌలు రాసిన పత్రిక రెండో అధ్యాయంలో ఉంది. దాన్ని చెప్పిన ఊపులోనే ఆయన క్రైస్తవ విశ్వాసానికి గుండెకాయలాంటి బోధను ముందు పెట్టాడు. ధర్మశాస్త్రం విధించిన క్రియలు ఎన్ని చేసినా వాటివల్ల ఎవరూ దేవుని ముందు నీతిమంతులుగా నిలబడలేరు, యేసుక్రీస్తును నమ్మడం వల్లనే ఆ స్థానం దొరుకుతుంది అన్నాడు. ఎవరి పక్కన ఎవరు కూర్చుని తినవచ్చు అన్న ప్రశ్నకు పౌలు ఇచ్చిన జవాబు ఇది. దేవుడు ఇద్దరినీ ఒకే కారణంతో చేర్చుకున్నాక, ఆ ఇద్దరికీ వేరువేరు పంక్తులు ఎందుకు?

విశ్వాసమూలంగా నీతిమంతులుగా తీర్చబడటం అనే ఈ బోధలో ఆశ్చర్యం కలిగించేది దాని వరుస. లోకంలో మనిషి బతుకంతా బతికి చివర తీర్పు వింటాడు. చేసిన మంచి ఒకవైపు, చేసిన చెడు ఒకవైపు, ఏది బరువైతే అది. పౌలు ఈ వరుసను తిరగేశాడు. క్రీస్తు సిలువ మీద పాపుల శిక్షను తాను భరించాడు కనుక, ఆయన్ని నమ్మినవాళ్లకు చివరి రోజున వినాల్సిన తీర్పు ఈ రోజే వినిపిస్తుంది. దేవుడు వాళ్లను నిర్దోషులుగా ఎంచుతాడు. కొత్త నడవడిక ఆ తర్వాత మొదలవుతుంది. తీర్పు ముందు, నడక తర్వాత. ఈ వరుస మారడం వల్ల మనిషి బతుకులోకి ఏమేమి వచ్చి చేరాయన్నదే ఈనాటి ప్రసంగం.

ఆ దీవెనలను పౌలు ఒకచోట చేర్చింది రోమీయులకు రాసిన పత్రికలో. క్రీ.శ. 57 ప్రాంతంలో, కొరింథులో ఉండగా, అప్పటికి తాను కంటితో చూడని రోము సంఘానికి ఈ ఉత్తరం పంపాడు. మొదటి మూడు అధ్యాయాల్లో యూదుడైనా, గ్రీకువాడైనా దేవుని ముందు తన మంచితనం చూపించుకోగలవాడు ఎవడూ లేడని తేల్చాడు. నాలుగో అధ్యాయంలో అబ్రాహామును సాక్షిగా పిలిచాడు. అబ్రాహాము దేవుణ్ని నమ్మాడు, ఆ నమ్మకాన్నే దేవుడు నీతిగా లెక్కించాడు. అప్పటికి అబ్రాహాముకు సున్నతి జరగలేదు. మోషే ధర్మశాస్త్రం రావడానికి ఇంకా వందల ఏళ్లు ఉంది. ఏది ముందు, ఏది తర్వాత అన్నదాని మీద పౌలు ఇంతగా పట్టుబట్టడం చూస్తే, ఆయన వాదమంతా దేనిమీద నిలిచి ఉందో తెలుస్తుంది.

ఐదో అధ్యాయానికి వచ్చేసరికి వాదం ముగిసి లెక్క మొదలవుతుంది. దేవునితో సమాధానం, కృపలోకి ప్రవేశం, దేవుని మహిమను గూర్చిన నిరీక్షణ, శ్రమల్లోనూ తగ్గని సంతోషం, పరిశుద్ధాత్మ ద్వారా హృదయాల్లోకి కుమ్మరించిన దేవుని ప్రేమ. ఇవన్నీ పదకొండు వచనాల్లోనే ఉన్నాయి.

సమాధానం ఎంత విలువైనదో, అది దొరక్క అల్లాడిన మనిషిని చూస్తే అర్థమవుతుంది. జర్మనీ దేశస్థుడు మార్టిన్ లూథర్ అలాంటి మనిషి. 1505 జూలై 2న, ఇరవై ఒక్క ఏళ్ల న్యాయశాస్త్ర విద్యార్థిగా ఉన్నప్పుడు, స్టొటర్న్‌హైమ్ అనే పల్లె దగ్గర పిడుగుల వానలో చిక్కుకున్నాడు. ప్రాణభయంతో, బతికితే సన్యాసినవుతానని పునీత అన్నమ్మకు మొక్కుకున్నాడు. రెండు వారాలకే ఎర్ఫుర్ట్ పట్టణంలోని అగస్టీనియన్ మఠంలో చేరాడు. ఉపవాసాలు, జాగరణలు, చలిలో ప్రార్థనలు, దేన్నీ వదల్లేదు. ఒక్కోసారి గురువు ముందు ఆరు గంటల పాటు పాపాలు ఒప్పుకునేవాడు. లేచి వెళ్లాక ఇంకేదో గుర్తుకొచ్చి మళ్లీ తిరిగొచ్చేవాడు. 1507లో గురువుగా తొలిసారి పూజ జరిపినప్పుడు పరిశుద్ధ దేవుని ఎదుట నిలబడ్డానన్న భయంతో వణికిపోయాడు. మఠాల పెద్ద స్టౌపిట్జ్ చాలా ఓర్పుగల మనిషి. నీ వైపు చూసుకోవడం మాని క్రీస్తు గాయాల వైపు చూడు అని ఆయన లూథర్‌కు బుద్ధి చెప్పేవాడు.

లూథర్ బాధ బద్ధకం వల్ల వచ్చింది కాదు, శ్రద్ధ వల్ల వచ్చింది. ఎంత చేస్తే చాలు? ఈ ప్రశ్నకు ఆయనకు జవాబు దొరకలేదు. తనతో తాను నిజాయితీగా ఉండే ఏ మనిషికీ దొరకదు. లోపలికి తొంగిచూసిన కొద్దీ చిట్టా పెరుగుతుంది, తరగదు. పైపైన బతికేవాళ్లకు ఈ బాధ తెలియదు. లోతుగా బతకాలనుకునేవాళ్లనే అది ఎక్కువగా నలిపేస్తుంది.

1512లో ఆయన విట్టెన్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో వేదాంత ఆచార్యుడయ్యాడు. ముందు కీర్తనలు, ఆ తర్వాత 1515–16లో రోమా పత్రిక పాఠం చెప్పాడు. చనిపోవడానికి ఏడాది ముందు, 1545లో, తన లాటిన్ రచనలకు రాసిన ముందుమాటలో ఆ రోజులను తలుచుకున్నాడు. పత్రిక మొదటి అధ్యాయంలో దేవుని నీతి ప్రస్తావన వచ్చినప్పుడల్లా ఆయనకు ఆ దేవుడి మీద కోపం వచ్చేదట. పాపిని పట్టుకుని శిక్షించే నీతి అని అనుకోవడం వల్ల. రాత్రింబగళ్లు ఆ భాగం చుట్టూనే తిరిగాడు. దేవుడు ఆ నీతిని నమ్మినవాడికి కానుకగా ఇస్తున్నాడని గ్రహించిన క్షణాన, పరలోక ద్వారాలు తెరుచుకుని తాను లోపలికి నడిచినట్టు తోచిందని రాశాడు. 1517 అక్టోబర్ 31 నాటి 95 వాదాంశాలు, 1521లో వోర్మ్స్ సభలో చక్రవర్తి ఎదుట తన రాతలను కాదనకుండా నిలబడటం అందరికీ తెలిసిన చరిత్ర. మఠంలో వణికిన మనిషీ, వోర్మ్స్‌లో నిలబడిన మనిషీ ఒకరే. ఆ రెండింటికీ మధ్య జరిగింది రోమా పత్రిక.

రెండో దీవెన ప్రవేశం. పౌలు నోట ఈ మాటకు గట్టి నేపథ్యం ఉంది. యెరూషలేము దేవాలయంలో అన్యజనులు తిరగగలిగే ఆవరణకూ, లోపలి ఆవరణకూ మధ్య ఒక అడ్డుగోడ ఉండేది. యూదుడు కానివాడు దీన్ని దాటితే అతని చావుకు అతనే బాధ్యుడని గ్రీకు భాషలో చెక్కిన హెచ్చరిక రాళ్లు దానికి బిగించారు. అలాంటి ఒక రాతిపలకను 1871లో ఫ్రెంచి పండితుడు క్లెర్మోన్-గానో కనుగొన్నాడు. అది ఇప్పుడు ఇస్తాంబుల్ పురావస్తు ప్రదర్శనశాలలో ఉంది. యెరూషలేములో పౌలు మీద జనం పడి కొట్టింది కూడా ఇలాంటి కారణం మీదే. ఎఫెసువాడైన త్రోఫిమును లోపలికి తీసుకెళ్లాడని అనుమానించారని అపొస్తలుల కార్యములు ఇరవై ఒకటో అధ్యాయం చెబుతుంది. దాటితే ప్రాణం పోయే గోడను కళ్లారా చూసిన మనిషి, దేవుని సన్నిధిలోకి అందరికీ ఒకే దారి తెరుచుకుందని రాశాడు.

ఈ దీవెన తెలుగు నేల మీద ఏం చేసిందో తెలుసుకోవాలంటే ఒంగోలు చరిత్ర చదవాలి. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ 1866లో అక్కడ స్థిరపడ్డాడు. అదే ఏడాది తాళ్లకొండపాడుకు చెందిన ఎర్రగుంట్ల పేరయ్య అనే తోలు వ్యాపారి, ఆయన భార్య నాగమ్మ బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్లు మాదిగలు. పేరయ్య చుట్టుపక్కల పల్లెల్లో తన బంధువులకూ, తనవాళ్లకూ యేసు సంగతి చెబుతూ తిరిగాడు. వాళ్లు సంఘంలోకి రావడం మొదలుకాగానే, అప్పటిదాకా మిషన్ మీద ఆదరణ చూపిన పై కులాల పెద్దలకు కష్టమనిపించింది. వీళ్లను చేర్చుకుంటే మేము రాము అన్నారు. ఊరి పెద్దల స్నేహం ఒకవైపు, గూడెం మనుషులు ఒకవైపు. క్లౌ దంపతులు ఇద్దరూ ఎవరికి వారే బైబిలు తెరిచారనీ, ఇద్దరికీ కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయంలోని ఒకే భాగం కనబడిందనీ క్లౌ తర్వాత చెప్పుకున్నాడు. లోకం నీచంగా చూసినవాళ్లనే దేవుడు ఎన్నుకున్నాడని పౌలు చెప్పిన చోటు అది. దాంతో తలుపు ఎవరికీ మూయకూడదని వాళ్లు తేల్చుకున్నారు.

ధాత, ఈశ్వర నామ సంవత్సరాల్లో, అంటే 1876–78లో, దక్షిణ దేశమంతా కరువు కమ్మింది. క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కంట్రాక్టు తీసుకుని ఎంతోమందికి కూలి దొరికేలా చేశాడు. ఆ కరువు పనులు సాగినంతకాలం బాప్తిస్మం ఇవ్వడానికి ఒప్పుకోలేదు. గంజి కోసం వచ్చారన్న నింద వాళ్ల మీద పడకూడదనుకున్నాడు. సాయం ఆగిపోయాక కూడా జనం వస్తూనే ఉన్నారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏటిలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. తెలుగు బోధకులు ఆరుగురు ఇద్దరిద్దరుగా వంతులు వేసుకుని నీళ్లలో దిగి ఆ పని చేశారు.

ఆ వచ్చినవాళ్లలో ఎక్కువమందికి ఊరి బావి లేదు, ఊరి గుడి లేదు, ఊరి బడి లేదు. వాళ్ల విషయంలో లోకం పుట్టుకతోనే తీర్పు చెప్పేసింది, అప్పీలు లేని తీర్పు. ఆ మనుషులకు పైన ఇంకో న్యాయస్థానం ఉందనీ, అక్కడి తీర్పు వేరనీ, దేవుడు వాళ్లను ఏ షరతూ లేకుండా చేర్చుకున్నాడనీ చెప్పినప్పుడు అది ఉత్త వేదాంతంలా వినబడి ఉండదు. తరాల తరబడి వంగిన నడుము నిటారుగా నిలబడటానికి కావలసిన మాట అది. తర్వాతి కాలంలో వాళ్ల పిల్లలు చదువుకున్నారు, ఉపాధ్యాయులయ్యారు, నర్సులయ్యారు, బోధకులయ్యారు. బడుల పాత్ర, ఆసుపత్రుల పాత్ర అందులో చాలా ఉంది. అయినా మొదటి కదలిక ఏటి ఒడ్డునే మొదలైంది.

ఒక చేదు నిజం ఇక్కడే చెప్పుకోవాలి. తెలుగు సంఘాల్లో కులం పూర్తిగా పోలేదు. పెళ్లి సంబంధాల దగ్గర, సంఘ పదవుల దగ్గర ఆ పేర్లు నేటికీ వినిపిస్తాయి. అంతియొకయలో పేతురు చేసిన తప్పు సరిగ్గా ఇలాంటిదే. పౌలు దాన్ని మర్యాద లోపమని సరిపెట్టుకోలేదు. సువార్త దారి తప్పడమని అన్నాడు. నీతిమంతులుగా తీర్చబడటం గురించి ఆదివారం ప్రసంగం విని, సోమవారం సంబంధం మాట్లాడేటప్పుడు కులం అడిగే ఇంటికి పౌలు మాట ఇప్పటికీ వర్తిస్తుంది.

ఇక హృదయంలో కుమ్మరించిన ప్రేమ. దీనికి ఇంగ్లండులో జాన్ వెస్లీ కథ గొప్ప ఉదాహరణ. ఆయన ఆక్స్‌ఫర్డులో చదివిన ఆంగ్లికన్ గురువు. ఉపవాసం, ఖైదీల పరామర్శ, పేదలకు దానం, అన్నీ గడియారం పెట్టుకుని చేసిన మనిషి. 1735లో మిషనరీగా అమెరికాలోని జార్జియాకు ఓడెక్కాడు. 1736 జనవరిలో నడిసముద్రంలో తుపాను వచ్చి తెరచాప చీలిపోయింది. ఇంగ్లీషు ప్రయాణికులు కేకలు పెడుతున్నారు. అదే ఓడలో ఉన్న మొరేవియన్లు అనే జర్మన్ క్రైస్తవులు మాత్రం కీర్తన ఆపకుండా పాడుతున్నారు. మీ ఆడవాళ్లు, పిల్లలు భయపడలేదా అని తర్వాత వెస్లీ అడిగాడు. మావాళ్లు చావుకు భయపడరు అని జవాబు వచ్చింది. తనకు లేనిదేదో వాళ్లకు ఉందని ఆయనకు అప్పుడు తెలిసింది.

జార్జియా సేవ విఫలమై 1738లో తిరిగొచ్చాడు. ఆ ఏడాది మే 24న సాయంత్రం, మనసు లేకపోయినా, లండనులో ఆల్డర్స్‌గేట్ వీధిలోని ఒక చిన్న కూడికకు వెళ్లాడు. అక్కడ ఒకరు లూథర్ రోమా పత్రికకు రాసిన ముందుమాట చదువుతున్నారు. తొమ్మిదికి పావు గంట తక్కువైన వేళ, విశ్వాసం ద్వారా దేవుడు హృదయంలో చేసే మార్పును గురించిన మాటలు వింటుండగా, గుండె వింతగా వెచ్చబడిందని ఆయన దినచర్యలో రాసుకున్నాడు. క్రీస్తు తన పాపాలనే, తనవే, తీసేశాడన్న నిశ్చయం కలిగిందన్నాడు. ఆ వెంటనే ఏం చేశాడన్నది చాలామంది గమనించరు. తనను బాధపెట్టినవాళ్ల కోసం ప్రార్థించడం మొదలుపెట్టాడు. లోపలికి ప్రేమ వచ్చిందనడానికి ఇంతకంటే మంచి గుర్తు ఏం కావాలి!

ఆ వెచ్చదనం రోజూ అలాగే ఉండలేదు. ఏడాది తిరగకముందే, 1739 జనవరిలో, తాను ఇంకా క్రైస్తవుణ్ని కానని అనిపిస్తోందని అదే దినచర్యలో రాశాడు. ముసలితనంలో మాత్రం ఆ రోజులను ఇంకా స్పష్టంగా చూశాడు. అంతకుముందు తనకున్నది దాసుడి విశ్వాసమనీ, ఆ తర్వాతది కొడుకు విశ్వాసమనీ అన్నాడు. దాసుడు యజమాని మొహం చూసి పనిచేస్తాడు. కొడుకు కూడా అదే పొలంలో అంతకంటే ఎక్కువే కష్టపడతాడు, కాని సాయంత్రం తనను ఇంట్లోకి రానిస్తారా అని ఆలోచించడు. వెస్లీ 1739 ఏప్రిల్ నుంచి బ్రిస్టల్ దగ్గర ఆరుబయట, చర్చి గడప తొక్కని బొగ్గుగని కూలీలకు బోధించడం మొదలుపెట్టాడు. 1791లో చనిపోయే దాకా గుర్రం మీదా, బండిమీదా దేశం తిరుగుతూనే ఉన్నాడు. మరణానికి వారం ముందు రాసిన ఉత్తరంలో, బానిస వ్యాపారం మీద పోరాడుతున్న విల్బర్‌ఫోర్స్‌ను వెనకాడవద్దని ప్రోత్సహించాడు.

శ్రమల్లోనూ సంతోషం అన్నప్పుడు వినేవాళ్లు కాస్త తటపటాయిస్తారు. పౌలు ఈ మాట సుఖంగా కూర్చుని రాయలేదు. రోమా పత్రికకు ముందే, కొరింథీయులకు రాసిన రెండో పత్రికలో తన దెబ్బల చిట్టా ఇచ్చాడు. ఒకటి తక్కువ నలభై కొరడా దెబ్బలు అయిదుసార్లు, బెత్తాలతో మూడుసార్లు, రాళ్లతో ఒకసారి, ఓడ పగిలిపోవడం మూడుసార్లు. శ్రమ ఓర్పును, ఓర్పు గట్టిపడిన గుణాన్ని, ఆ గుణం నిరీక్షణను పుట్టిస్తుందని చెప్పే హక్కు ఆ వీపుకు ఉంది. తీర్పు ముందే వచ్చిందన్న సంగతి ఇక్కడ ఎంతో ఆదుకుంటుంది. జబ్బు వచ్చినా, బిడ్డ పోయినా, పంట పోయినా, దేవుడు నా మీద కోపగించాడు, పాత పాపానికి శిక్ష వేస్తున్నాడు అనే భయం మనిషిని రెండోసారి చంపుతుంది. నిర్దోషిగా తీర్చబడినవాడికి శ్రమ శ్రమగానే ఉంటుంది, నొప్పి తగ్గదు. అది శిక్ష మాత్రం కాదని తెలుస్తుంది.

1527లో విట్టెన్‌బర్గ్‌లో ప్లేగు వచ్చింది. విశ్వవిద్యాలయాన్ని యేనా పట్టణానికి తరలించారు. లూథర్ ఊరు విడవలేదు. ఆ ఏడాదే ఆయన జబ్బుపడ్డాడు, మనసు కూడా చీకట్లో పడిపోయింది, తాను క్రీస్తును పోగొట్టుకున్నానేమో అన్నంతగా. ఆయన ఇల్లే ఆసుపత్రిలా మారింది. భార్య కాతరీనా గర్భవతి. డిసెంబరులో పుట్టిన కూతురు ఎలిసబెత్ మరుసటి ఏడాది ఆగస్టులో చనిపోయింది. సమాధానం దొరికిన మనిషికి మనోవ్యథ ఉండదని చెప్పేవాళ్లు ఈ ఒక్క సంవత్సరం చరిత్ర చదివితే చాలు. వ్యథ ఉన్నా ఆయన రోగుల దగ్గరే ఉన్నాడు.

ఇంగ్లండులో బెడ్‌ఫర్డ్ జైలులో 1660 నుంచి పన్నెండేళ్లు గడిపిన జాన్ బన్యన్‌ది మరో దారి. వృత్తి గిన్నెలకు మాట్లు వేయడం. దేవుడు తనను వదిలేశాడన్న భయంతో ఏళ్ల తరబడి నలిగాడు. ఒకరోజు పొలంలో నడుస్తుండగా తన నీతి తన మనసులో లేదనీ, పరలోకంలో దేవుని కుడిపక్కన ఉన్న క్రీస్తే తన నీతి అనీ తట్టిందట. కాబట్టి తన మనసు బాగున్న రోజు అది పెరగదు, బాగాలేని రోజు తరగదు. 1666లో అచ్చయిన ఆత్మకథలో బన్యన్ ఈ సంగతి రాశాడు. నిరీక్షణ సిగ్గుపరచదని పౌలు అంటే అర్థం ఇదే. అది మనిషి మనఃస్థితి మీద ఆధారపడదు.

తీర్పు ముందే వచ్చేస్తే ఇక మంచిగా బతకడం ఎందుకు? ఈ ప్రశ్న పౌలు బతికున్నప్పుడే అడిగారు. ఆరో అధ్యాయం దానికి జవాబుగానే మొదలవుతుంది. ప్రశ్న తీసిపారేయదగింది కాదు. ఇంగ్లీషు నావికుడు జాన్ న్యూటన్ జీవితమే అందుకు సాక్ష్యం. 1748లో తుపానులో ఓడ మునగబోతుంటే దేవుణ్ని పిలిచాడు. అప్పటి నుంచి తనను మారిన మనిషిగా లెక్కపెట్టుకున్నాడు. ఆ తర్వాతే బానిసల ఓడకు కెప్టెన్ అయ్యాడు. ఓడ పైభాగాన ప్రార్థన, కింద గొలుసుల్లో మనుషులు. 1754లో జబ్బు చేసి ఓడ దిగాడే గాని, మనస్సాక్షి తొలిచి దిగలేదు. 1764లో ఓల్నీలో గురువయ్యాడు, ప్రపంచమంతా పాడే అమేజింగ్ గ్రేస్ అనే పాట రాశాడు. బానిస వ్యాపారంలో తన పాత్రను బహిరంగంగా ఒప్పుకుని, దాని ఘోరాన్ని వివరించే చిన్న పుస్తకం 1788లో వేశాడు. తుపానుకు, ఆ పుస్తకానికి మధ్య నలభై ఏళ్లు. ఆ నలభై ఏళ్లలో నలిగిన ఆఫ్రికా మనుషుల వైపు నుంచి చూస్తే ఈ ఆలస్యం క్షమించదగింది కాదు. అయినా ఆయన చివరికి ఆ నేరాన్ని దాచుకోలేదు. క్షమాపణ ముందే దొరికిందని నమ్మినవాడికి తన తప్పును పేరుపెట్టి చెప్పే ధైర్యం వస్తుంది. పార్లమెంటు ముందు ఆయన ఇచ్చిన సాక్ష్యం ఆ వ్యాపారాన్ని ఆపాలన్న పోరాటానికి బలమిచ్చింది. 1807లో ఆ వ్యాపారం నిషేధమైంది. ఆ ఏడాది చివరే న్యూటన్ కన్నుమూశాడు.

యాకోబు పత్రిక పౌలు మాటకు అడ్డం వస్తుందని కొందరు అంటారు. క్రియలు లేని విశ్వాసం చచ్చినదని యాకోబు అన్నాడు మరి. కాని ఇద్దరూ ఎత్తిన ఉదాహరణ ఒక్కటే, అబ్రాహాము. పౌలు చూపించింది ఆదికాండం పదిహేనో అధ్యాయం, నక్షత్రాల కింద దేవుని వాగ్దానం నమ్మిన రాత్రి. యాకోబు చూపించింది ఇరవై రెండో అధ్యాయం, ఇస్సాకును బలిపీఠం మీద పెట్టిన రోజు. పదిహేనులో ఇస్సాకు పుట్టనే లేదు. మొదటిది తీర్పు, రెండోది ఏళ్లు గడిచాక కనబడిన నడక. జర్మనీలో డీట్రిక్ బాన్‌హోఫర్ 1937లో వెలువరించిన పుస్తకంలో, శిష్యత్వం లేకుండా క్షమాపణ మాత్రమే పంచిపెట్టే కృపను చవకబారు కృప అన్నాడు. ఆయన లూథరన్ కాపరి. లూథర్ బోధను హిట్లర్ కాలపు సంఘం మెత్తటి పరుపుగా వాడుకోవడం చూసి భరించలేక అన్న మాట అది. హిట్లర్ వ్యతిరేకుల్లో ఒకడిగా జైలు పాలై 1945 ఏప్రిల్ 9న ఫ్లోసెన్‌బర్గ్ శిబిరంలో ఉరికంబం ఎక్కాడు.

ఈ బోధ కారణంగానే పశ్చిమ దేశాల సంఘం రెండుగా చీలింది. లూథరన్లు 1530లో ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రమాణం నాలుగో అంశంలో దాన్ని ప్రకటించారు. కతోలిక సంఘం 1547లో ట్రెంట్ మహాసభలో తన జవాబిచ్చింది. ఆ తర్వాత నాలుగు వందల ఏళ్లకు పైగా ఒకరినొకరు ఖండించుకున్నారు. 1999 అక్టోబర్ 31న అదే ఆగ్స్‌బర్గ్ నగరంలో కతోలిక సంఘం, లూథరన్ ప్రపంచ సమాఖ్య ఒక ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు చేశాయి. మనుషుల యోగ్యత చూడకుండా, కేవలం కృపచేత, క్రీస్తు మీది విశ్వాసం వల్ల దేవుడు వాళ్లను అంగీకరిస్తాడనీ, వాళ్లకు ఆత్మనిచ్చి సత్క్రియలకు పిలుస్తాడనీ దాని సారాంశం. 2006లో మెథడిస్టులు, 2017లో రిఫార్మ్‌డ్ సంఘాలు దానితో ఏకమయ్యాయి. గుంటూరులో 1842లో హయ్యర్ అయ్యగారు మొదలుపెట్టిన లూథరన్ సేవ నుంచి ఎదిగి 1927లో ఏర్పడిన ఆంధ్ర ఎవాంజెలికల్ లూథరన్ చర్చి కూడా ఆ సమాఖ్యలో సభ్యురాలే. తేడాలన్నీ తీరిపోలేదు. అయినా శత్రువులను దేవుడు మిత్రులుగా చేసుకున్నాడని బోధించే సిద్ధాంతం గురించి శత్రుత్వం పెంచుకున్నవాళ్లు ఒక బల్ల దగ్గర సంతకం పెట్టడం చిన్న సంగతి కాదు.

రోమా పత్రికను ఇవాళ చాలామంది ఒంటరిగా, కళ్లతో చదువుతారు. మొదటివాళ్లు చెవులతో విన్నారు. పౌలు చెబుతుంటే తెర్తియు రాశాడు. కెంక్రేయ సంఘ సేవకురాలు ఫీబే దాన్ని రోముకు తీసుకెళ్లిందని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. అక్కడి ఇళ్లలో కూడుకున్న బానిసలు, బానిసత్వం నుంచి విడుదలైనవాళ్లు, యూదులు, అన్యజనులు ఒకచోట కూర్చుని ఒకరు చదువుతుంటే విన్నారు. పదహారు అధ్యాయాలూ పైకి చదివితే సుమారు ఒక గంట పడుతుంది. ఈ వారం ఇంట్లో ఒకరు చదువుతూ తక్కినవాళ్లు వింటే బాగుంటుంది. అంత తీరిక లేనివాళ్లు మూడో అధ్యాయం ఇరవై ఒకటో వచనం నుంచి ఐదో అధ్యాయం పదకొండో వచనం దాకా చదవండి. నాలుగో అధ్యాయంలో అబ్రాహాము దగ్గర మాత్రం తొందరపడకండి. ఐదో అధ్యాయంలోని దీవెనలన్నిటికీ ఆధారం అక్కడే ఉంది.